మధుమేహంలో మృదుకణజాల ఇన్ఫెక్షన్లు

మధుమేహ వ్యాధిగ్రస్తులలో చర్మం, చర్మం క్రింది కొవ్వు, కండరాలను కప్పి ఉంచే ఫేసియా అనే పొర, కండరాలు సూక్ష్మజీవుల దాడికి గురై చెడిపోవడాన్ని మృదుకణజాల ఇన్ఫెక్షన్ అని వ్యవహరిస్తారు. ఎముకలు, కీళ్ళు ఈ నిర్వచనంలోకి రావు. అయితే పాదంలో పుట్టిన ఇన్ఫెక్షన్ లోపలి ఎముక వరకు ప్రాకడం తరచుగా జరిగేదే. మామూలు సెగగడ్డ మొదలుకొని కొన్ని గంటలలోనే ప్రాణం మీదికి తెచ్చే నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ వరకు ఇవి అనేక రకాలుగా ఉంటాయి. తీవ్రమైన రకాలలో రోగి కాలు నిలుస్తుందా, ప్రాణం నిలుస్తుందా అన్నది వాడిన మందు కంటే శస్త్రచికిత్స ఎంత త్వరగా జరిగింది అన్నదాని మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. అందువలన గ్రామం నుండి ఆసుపత్రికి చేరే దారి కూడా ఈ వ్యాధి చికిత్సలో ఒక భాగమే. వరి, పత్తి, మిరప పండించే వరంగల్ ప్రాంతం దీనికి తగిన ఉదాహరణ.

పేర్లు

తెలుగులో ఈ వ్యాధులకు పాత పేర్లు చాలా ఉన్నాయి. ఒకే వెంట్రుక కుదురులో చీము పడితే సెగగడ్డ. మెడ వెనుక, వీపు మీద పక్కపక్కనే ఉన్న అనేక కుదుళ్ళు కలిసి జల్లెడవలె పలు నోళ్ళతో చీము కారే పెద్ద కురుపును వైద్యులు కార్బంకుల్ అంటారు. పూర్వం దీనికి రాచకురుపు, రాచపుండు అనే మాటలు వాడుకలో ఉండేవి. నేడు ఈ మాటలను ఎక్కువగా క్యాన్సర్ కు వాడుతున్నందున పాత పుస్తకాలు చదివేవారు పొరబడే అవకాశం ఉన్నది.

చర్మం, దాని క్రింది కొవ్వు ఎర్రబడి వాచి, హద్దు స్పష్టంగా లేకుండా వ్యాపించేది సెల్యులైటిస్. ఇన్ఫెక్షన్ ఫేసియా పొర వెంట ప్రాకుతూ పై చర్మానికి రక్తం అందకుండా చేసి చంపివేస్తే అది నెక్రోటైజింగ్ ఫేసియైటిస్. ఇదే మర్మావయవాలు, మలద్వారం పరిసరాలలో వస్తే ఫోర్నియర్ గాంగ్రీన్ అని పేరు. వార్తాపత్రికలు దీనికి కారణమైన క్రిములను "మాంసం తినే బాక్టీరియా" అని వ్రాస్తుంటాయి. నిజానికి ఇవి మాంసాన్ని తినవు. ఇవి విడుదల చేసే విషపదార్థాల వలన సన్నని రక్తనాళాలలో రక్తం గడ్డకట్టి, రక్తం అందని భాగం చచ్చుబడుతుంది. మందులు కూడా రక్తం ద్వారానే చేరవలసి ఉంటుంది కాబట్టి చచ్చుబడిన చోటికి యాంటీబయాటిక్ చేరదు. శస్త్రచికిత్స లేకుండా ఈ వ్యాధి లొంగకపోవడానికి మూలకారణం ఇదే.

చరిత్ర

మధుమేహానికీ పుండ్లకూ గల సంబంధం భారతీయ వైద్యులకు ప్రాచీన కాలం నుండి తెలుసు. ప్రమేహ రోగులకు వచ్చే కురుపులను ఆయుర్వేదంలో ప్రమేహ పిడకలు అంటారు. చరకుడు వీటిని ఏడు రకాలుగాను, సుశ్రుతుడు పది రకాలుగాను చెప్పారు. సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో ఒక అధ్యాయం పూర్తిగా వీటికే కేటాయించబడింది.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైనిక ఆసుపత్రులలో చూసిన గాంగ్రీన్ రోగుల వివరాలను జోసెఫ్ జోన్స్ 1871లో ప్రచురించాడు. పారిస్ వైద్యుడు ఫోర్నియర్ 1883లో తన పేరిట నిలిచిన వ్యాధిని వర్ణించాడు. అతడు వర్ణించిన వారు ఆరోగ్యవంతులైన యువకులు కాగా, నేడు ఈ వ్యాధి ఎక్కువగా మధుమేహం ఉన్న నడివయస్సు వారిలోను, వృద్ధులలోను కనిపిస్తున్నది. 1924లో పెకింగ్ (నేటి బీజింగ్) లో పనిచేస్తున్న ఫ్రాంక్ మెలెనీ స్ట్రెప్టోకాకస్ వలన కలిగే గాంగ్రీన్ ను వివరించి, ఆలస్యం చేయకుండా కోసి తెరవడమే దీనికి చికిత్స అని చెప్పాడు. అప్పటికి పెన్సిలిన్ లేదు. నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ అనే పేరు 1952లో విల్సన్ పెట్టినది. ఇన్సులిన్ 1921లో కనుగొనబడి మరుసటి సంవత్సరం రోగులకు ఇవ్వబడింది. అంతకుముందు మధుమేహ రోగికి గాంగ్రీన్ వస్తే బ్రతకడం కష్టంగా ఉండేది.

మధుమేహంలో తీవ్రత ఎక్కువగా ఉండటానికి కారణాలు

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు క్రిములను మ్రింగి చంపే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. అవి ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరడం, క్రిమిని పట్టుకోవడం, చంపడం అనే మూడు పనులూ కుంటుపడతాయి. చాలా కాలంగా మధుమేహం ఉన్నవారిలో కాళ్ళలోని రక్తనాళాలు సన్నబడి గాయం మానడానికి కావలసిన రక్తం అందదు.

వీటికంటే మోసకరమైనది నరాల దెబ్బ. అరికాలు మొద్దుబారిన మనిషికి ముల్లు దిగినా, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. రాత్రి పడక మీద మరకను చూసి గాని, దుర్వాసనను బట్టి గాని ఇంట్లోవారు గమనించిన తరువాతనే పుండు సంగతి బయటపడిన సందర్భాలు వైద్యులకు కొత్త కావు. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం సహజం. మధుమేహ పాదం విషయంలో ఇది తలక్రిందులు. నొప్పి లేకపోవడమే జబ్బు ముదిరినదనడానికి గుర్తు.

ఇన్ఫెక్షన్, చక్కెర ఒకదానినొకటి పెంచుకుంటాయి. శరీరానికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు ఎడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అంతవరకు అదుపులో ఉన్న చక్కెర ఒక్కసారిగా 300, 400 మి.గ్రా. దాటుతుంది. పెరిగిన చక్కెర తెల్లకణాలను మరింత మందగింపజేస్తుంది. ఈ దశలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. జ్వరంతో అన్నం సహించడం లేదు కాబట్టి ఇన్సులిన్ మానివేస్తారు. దానితో రక్తంలో కీటోన్లు పేరుకొని ఆమ్లత పెరిగి రోగి స్పృహ కోల్పోయే ప్రమాదం ఏర్పడుతుంది. తిండి తగ్గినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. మోతాదును వైద్యుని సలహాతో మార్చుకోవాలి.

2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్. - ఇండియాబ్ అధ్యయనం భారతదేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. ఒకప్పుడు పట్టణాల జబ్బుగా భావించబడిన మధుమేహం పల్లెలకు చేరడంతో, మట్టిలో వట్టికాళ్ళతో పనిచేసే వారిలోనే మొద్దుబారిన పాదాలు ఉండే స్థితి ఏర్పడింది.

కారకాలు

మధుమేహ రోగులలో వచ్చే నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ లో సాధారణంగా అనేక రకాల క్రిములు కలిసి ఉంటాయి. గాలి అవసరమైనవి, గాలి లేని చోట పెరిగేవి ఒకదానికొకటి తోడ్పడుతూ పెరుగుతాయి. దీనిని మొదటి రకం అంటారు. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ వలన వచ్చేది రెండవ రకం. ఇది ఆరోగ్యవంతులకు కూడా రావచ్చును. సెగగడ్డలు, కార్బంకుల్ లకు ప్రధాన కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇందులో మామూలు మందులకు లొంగని ఎం.ఆర్.ఎస్.ఏ. అనే రకం కూడా ఉన్నది.

వరి పండే ప్రాంతాలలో గుర్తుంచుకోవలసిన మరొక వ్యాధి మెలియాయిడోసిస్. దీనికి కారణమైన బర్ఖోల్డేరియా సూడోమల్లీ అనే క్రిమి తడిమట్టిలో, పొలం నీటిలో నివసిస్తుంది. వానాకాలంలో చర్మంపై గాయం ద్వారా గాని, శ్వాస ద్వారా గాని శరీరంలోకి ప్రవేశిస్తుంది. ఈ వ్యాధి బారిన పడేవారిలో మధుమేహ రోగులే ఎక్కువ. చర్మంపై గడ్డలతో పాటు ఊపిరితిత్తులు, కాలేయం, ప్లీహాలలో చీము పడుతుంది. క్షయ అని పొరబడే అవకాశం ఉన్నది. సాధారణంగా వాడే అనేక యాంటీబయాటిక్ లు దీనిపై పనిచేయవు. సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ కనీసం రెండు వారాలు నరం ద్వారా ఇచ్చి, తరువాత మూడు నెలలు లేదా ఇంకా ఎక్కువ కాలం కోట్రైమాక్సజోల్ మాత్రలు వాడవలసి ఉంటుంది. మధ్యలో మానితే తిరగబెడుతుంది.

కోస్తా జిల్లాల ఉప్పునీటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ కూడా గాయాల ద్వారా సోకి ఇటువంటి స్థితినే కలిగించగలదు. కాలేయవ్యాధి, మధుమేహం ఉన్నవారికి ఇది మరీ ప్రమాదకరం. దీనికి వాడే మందులలో డాక్సీసైక్లిన్ ఒకటి. ఇది చేరిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో వెలువడినది.

2021లో కరోనా రెండవ విజృంభణ సమయంలో తెలుగు రాష్ట్రాలలో కలకలం రేపిన మ్యూకర్ మైకోసిస్ బూజుజాతి వలన కలిగేది. "బ్లాక్ ఫంగస్" అనే పేరుతో ప్రచారమైన ఈ వ్యాధి అదుపు తప్పిన మధుమేహం, కరోనాకు వాడిన స్టెరాయిడ్ లు కలిసినచోట ఎక్కువగా కనిపించింది. ఇది ముక్కు, కంటిగూళ్ళలోనే కాక గాయాలలో కూడా రావచ్చును.

వరంగల్ ప్రాంతంలో

కాకతీయ వైద్య కళాశాల 1959లో వరంగల్లులో స్థాపించబడింది. దీనికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిని ప్రజలు ఎం.జి.ఎం. అని పిలుస్తారు. 2016లో జిల్లాల పునర్విభజన తరువాత కూడా పాత వరంగల్ జిల్లా అంతటికీ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఇదే. ఏటూరునాగారం, మంగపేట వంటి గోదావరి తీరపు మండలాల నుండి వరంగల్ చేరాలంటే వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ, 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఈ దూరాన్ని, ఖర్చును కొంత తగ్గించాయి. అయితే ఆలస్యం దారిలో కంటే ముందు ఇంటి వద్దనే ఎక్కువగా జరుగుతుంది.

వరినాట్ల కాలంలో గంటల తరబడి బురదలో నానిన పాదాల చర్మం మెత్తబడి వేళ్ళ సందులలో పగుళ్ళు వస్తాయి. దీనినే ఒరుసుకుపోవడం అంటారు. పత్తి ఏరిన చేలలో మిగిలిన కట్టె మొనలు, తుమ్మముళ్ళు, ఈతముళ్ళు అరికాలులో దిగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ప్రాంగణపు బండల మీద నడిస్తే మొద్దుబారిన పాదాలు బొబ్బలెక్కినా తెలియదు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు మొక్కుగా చెప్పులు లేకుండా నడిచివెళ్ళే వారు, దీక్షలు పట్టి మండలం రోజులు వట్టికాళ్ళతో తిరిగేవారు ఈ ప్రాంతంలో ఎందరో కలరు. పాదాల స్పర్శ తగ్గినవారు ఇటువంటి మొక్కులను మరొక విధంగా తీర్చుకోవడం మంచిదని వైద్యులు చెబుతారు.

గాయం అయిన తరువాత సాధారణంగా జరిగేది ఇది. మొదటి రెండు రోజులు పసుపు, సున్నం, ఆకుపసరు. వాపు వస్తే వేడి కాపడం. స్పర్శ లేని కాలికి కాపడం పెడితే చర్మం కాలి కొత్త పుండు ఏర్పడుతుంది. మూడవ రోజు ఆర్.ఎం.పి. అని పిలవబడే గ్రామ వైద్యుని వద్ద ఒక సూది మందు. అందులో నొప్పి తగ్గించే మందు, కొన్నిసార్లు స్టెరాయిడ్ ఉంటాయి. దానితో జ్వరం, నొప్పి తగ్గి రోగికి నయమైనట్లు అనిపిస్తుంది. స్టెరాయిడ్ వలన చక్కెర పెరుగుతుంది, నొప్పి మందు వలన మూత్రపిండాలు దెబ్బతినవచ్చును, లోపల ఇన్ఫెక్షన్ సాగుతూనే ఉంటుంది. ఆసుపత్రికి చేరేసరికి వేలితో పోవలసినది పాదం వరకు వస్తుంది. గ్రామ వైద్యుని తప్పు పట్టడం సులభమే గాని, అర్ధరాత్రి తలుపు తడితే పలికేది అతడొక్కడే అన్న సంగతి కూడా మరువరానిది. వాచిన కాలుతో వచ్చిన మధుమేహ రోగికి సూది వేయకుండా చక్కెర పరీక్ష చేసి అదే పూట పెద్ద ఆసుపత్రికి పంపగలిగితే అతడు చేయగలిగిన మేలు చాలా ఉన్నది.

గుర్తించడం

మామూలు సెల్యులైటిస్ ను నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ నుండి వేరుచేయడం మొదటి రోజున అనుభవజ్ఞులకు కూడా కష్టమే. చర్మం మీద కనిపించేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ నొప్పి ఉండటం తొలి లక్షణం. నరాలు దెబ్బతిన్నవారిలో ఈ లక్షణమే లోపించవచ్చును. ఎరుపు ఉన్నంత మేర దాటి వాపు, గట్టిదనం ఉండటం, ఎర్రటి చర్మం ఊదారంగుకు మారి తరువాత నల్లబడటం, నెత్తురు నీటితో బొబ్బలు రావడం, నొక్కితే చర్మం క్రింద గాలి బుడగలు చిటచిటలాడినట్లు తెలియడం, పాత్రలు కడిగిన నీటివంటి పలుచని దుర్వాసన గల స్రావం - ఇవి ముదిరిన గుర్తులు. గాలి బుడగలు లేనంత మాత్రాన ఈ వ్యాధి కాదని చెప్పరాదు. రక్తపోటు పడిపోవడం, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, కారణం తెలియకుండా చక్కెర పెరగడం - వీటిలో ఏది ఉన్నా ఆగకూడదు.

ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి సమయం వ్రాయడం పాత పద్ధతే అయినా నేటికీ ఉపయోగకరమైనది. గంట రెండు గంటలలో ఎరుపు గీత దాటితే అది మామూలు ఇన్ఫెక్షన్ కాదు. అయితే పై ప్రమాద చిహ్నాలు ఉన్నప్పుడు గీత గీసి ఇంటి వద్ద ఎదురుచూడటం తగదు.

2004లో సింగపూరు వైద్యులు సి-రియాక్టివ్ ప్రోటీన్, తెల్లకణాలు, హీమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, గ్లూకోజ్ అనే ఆరు రక్తపరీక్షలతో ఒక గణన పద్ధతిని రూపొందించారు. ఎక్కువ మార్కులు వస్తే అనుమానం బలపడుతుంది. తక్కువ వచ్చినంత మాత్రాన వ్యాధి లేదనలేమని తరువాతి అనుభవం తెలియజేసింది. ఎక్స్ రే, సి.టి. స్కాన్ లో కణజాలంలో గాలి, ద్రవం కనిపిస్తాయి. బలమైన అనుమానం ఉన్నప్పుడు స్కాన్ కోసం శస్త్రచికిత్సను వాయిదా వేయరు. సందేహం మిగిలితే చిన్న గాటు పెట్టి వేలితో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఫేసియా తెల్లగా మెరుస్తూ కండరానికి గట్టిగా అంటుకొని ఉంటుంది. చెడినది బూడిదరంగులో ఉండి వేలికి ఇట్టే విడిపోతుంది, నెత్తురు కూడా రాదు.

చికిత్స

కుళ్ళిన భాగాన్ని ఆరోగ్యకరమైన, నెత్తురు వచ్చే కణజాలం కనిపించేవరకు కోసి తీసివేయడాన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. చికిత్సకు ఇదే కేంద్రం. ఇది ఒక్కసారితో ముగియదు. సాధారణంగా ఒక రోజు గడిచేలోపే రోగిని తిరిగి శస్త్రచికిత్స గదికి తీసుకువెళ్ళి చూస్తారు. కొత్తగా చచ్చుబడిన భాగం కనిపించనంతవరకు ఈ విధంగా చేస్తారు. మొదటిసారి చిన్న గాటుతో సరిపెట్టాలని చూడటం మేలు కంటే కీడు చేస్తుంది. అన్నీ సకాలంలో జరిగినా నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు మరణిస్తున్నారు.

యాంటీబయాటిక్ లు రక్తం నమూనా తీసిన వెంటనే నరం ద్వారా ఆరంభిస్తారు. ఏ క్రిమి అన్నది తెలియడానికి సమయం పడుతుంది కాబట్టి మొదట అన్ని రకాలపైనా పనిచేసేవి ఇస్తారు. పైపెరాసిల్లిన్-టాజోబాక్టమ్ లేదా మెరోపెనెమ్ వంటిది ఒకటి, ఎం.ఆర్.ఎస్.ఏ. కొరకు వాంకోమైసిన్ లేదా లినెజోలిడ్, క్రిములు విషం తయారుచేయడాన్ని ఆపడానికి క్లిండామైసిన్ అనేవి ప్రచారంలో ఉన్న కలయికలు. మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు మారుతుంది. పుండు పైన దూది అద్ది పంపిన నమూనాలో చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే బయటపడతాయి. శస్త్రచికిత్సలో లోపలి నుండి తీసిన కణజాలం ముక్కను పంపితేనే కల్చర్ ఫలితం నమ్మదగినది.

ఈ దశలో చక్కెర మాత్రలను ఆపి ఇన్సులిన్ ను నరం ద్వారా ఎక్కిస్తారు. చక్కెరను 140 నుండి 180 మి.గ్రా. మధ్య ఉంచడం సాధారణ లక్ష్యం. మరీ తగ్గించబోతే చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నది. ఇన్సులిన్ తో పాటు రక్తంలో పొటాషియం కూడా తగ్గుతుంది కాబట్టి దానిని తరచు పరీక్షిస్తారు. చక్కెర అదుపులోకి వచ్చేవరకు శస్త్రచికిత్స ఆపాలి అనేది ప్రజలలో బలంగా ఉన్న నమ్మకం. ముందుగా నిర్ణయించుకొని చేసే శస్త్రచికిత్సలకు ఇది కొంతవరకు సరియైనదే గాని, ఇక్కడ వర్తించదు. చీము, కుళ్ళు లోపల ఉన్నంతవరకు చక్కెర దిగదు. రెండు పనులూ ఒకేసారి జరగవలసిందే.

ఎస్.జి.ఎల్.టి.-2 నిరోధకాలు అనే కొత్తతరం మధుమేహ మందులు వాడేవారిలో అరుదుగా ఫోర్నియర్ గాంగ్రీన్ వచ్చినట్లు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. గుండెకు, మూత్రపిండాలకు ఇవి చేసే మేలు ఎక్కువ కాబట్టి ఎవరికి వారు మానివేయకూడదు. మర్మావయవాల వద్ద నొప్పి, వాపు, జ్వరం వస్తే సిగ్గుపడక అదేరోజు వైద్యునికి చూపించుకోవాలి.

అంగచ్ఛేదం

వేలు గాని, పాదం గాని తొలగించక తప్పదని చెప్పినప్పుడు రోగి, కుటుంబం అంగీకరించడానికి సమయం తీసుకుంటారు. పొలం పని మీద బ్రతికే ఇంటిలో ఇది ఒక అవయవానికి మాత్రమే సంబంధించిన నిర్ణయం కాదు. పెద్దలను అడగాలని, మరొక ఊరిలో చూపించాలని గడిపే రెండు రోజులలో తొలగించవలసిన ఎత్తు పెరుగుతుంది. మోకాలు నిలుపుకోగలిగితే కృత్రిమపాదంతో నడక చాలా తేలిక. మోకాలి పైన తొలగించిన వారికి నడకలో శ్రమ చాలా ఎక్కువ. కాలి రక్తనాళాలు మూసుకుపోయి ఉంటే వాటిని బెలూన్ తో గాని, బైపాస్ తో గాని తెరిచిన తరువాత కొంతభాగాన్ని కాపాడే వీలు కలుగుతుంది. అందువలన అత్యవసర స్థితి దాటిన వెంటనే కాలికి రక్తప్రసరణ పరీక్ష చేయడం అవసరం.

గాయం మానడం, పునరావాసం

తెరిచి ఉంచిన గాయం శుభ్రపడిన తరువాత తొడ నుండి తీసిన పలుచని చర్మాన్ని అతుకుతారు. దీనికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఈ కాలంలో గుడ్లు, పప్పు, పాలు, చేపలు వంటి మాంసకృత్తులు గల ఆహారం అవసరం. పుండు చీము పడుతుందని పప్పు, గుడ్డు మాన్పించే పథ్యం మన ప్రాంతాలలో ఇంకా ఉన్నది. దీనికి ఆధారం లేదు సరికదా, మానవలసిన గాయం మానకుండా పోతుంది.

అరికాలి పుండు మానాలంటే దానిపై బరువు పడకూడదు. వెల్లూరులో కుష్టు రోగులకు సేవచేసిన పాల్ బ్రాండ్, స్పర్శ లేని పాదంలో పుండ్లకు కారణం వ్యాధి కాదని, నొప్పి తెలియకపోవడం వలన పదే పదే పడే ఒత్తిడి అని నిరూపించాడు. అతని పరిశీలనలే నేటి మధుమేహ పాద చికిత్సకు పునాది. పాదమంతటికీ బరువు సమానంగా పంచే కట్టు, మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఆ మార్గంలో వచ్చినవే. ఇవి చూడటానికి సాదాగా ఉండటం వలనను, కుష్టు రోగుల చెప్పులనే అపోహ వలనను కొందరు తొడగడానికి ఇష్టపడరు.

కాలు కోల్పోయిన వారికి 1968లో రామచందర్ శర్మ, ప్రమోద్ కరణ్ సేథి రూపొందించిన జైపూర్ పాదం అందుబాటులో ఉన్నది. దీనిని తొడుక్కొని నేలమీద కూర్చోవచ్చు, చెప్పులు లేకుండా తడిమడిలో దిగి పని చేసుకోవచ్చును. మధుమేహ రోగి మిగిలిన మొండెంలో కూడా స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతి సాయంత్రం కృత్రిమపాదాన్ని తీసి, ఒరిపిడి ఉన్నదేమో అద్దంలో గాని ఇంట్లోవారి చేత గాని చూపించుకోవాలి. రెండవ కాలికీ అదే పరీక్ష అవసరం. ఒక కాలు కోల్పోయిన మధుమేహ రోగులలో చాలామందికి తరువాతి కొన్ని సంవత్సరాలలో రెండవ పాదంలో పుండు వస్తుంది.